డి డ్రైవ్‌లో ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనా? కంప్యూటర్ ఫైళ్లను దాచుకోవడం ఎలా?

కంప్యూటర్ రిపేరుకి తీసుకెళ్తే షాపతను ముందు అడిగేది ఇదే: "సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టేస్తాను, మీవన్నీ డి లోనే ఉన్నాయి కదా?" ఆ మాట వినీ వినీ డి డ్రైవ్ అంటే ఇనప్పెట్టె అని చాలామందికి నమ్మకం కుదిరిపోయింది. చాలా ల్యాప్‌టాప్‌లలో సి, డి అనేవి ఒకే డిస్కుకు వేసిన రెండు అరలు. విండోస్ పాడైతే డి మిగులుతుంది. డిస్కే పోతే రెండూ పోతాయి. మూడేళ్ల కిందట నా ల్యాప్‌టాప్ ఒక పొద్దున టక్ టక్ అని చప్పుడు చేసి ఆగిపోయింది. మా అమ్మాయి అక్షరాభ్యాసం ఫొటోలు డి డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయి, ఆ చచ్చిన డిస్కులోనే.

అందుకని బ్యాకప్ అంటే వేరే వస్తువులో ఉన్న కాపీ.

ముందు ఏరండి

సినిమాలు, సాఫ్ట్‌వేర్లు మళ్లీ దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. ఫొటోలు, షాపు లెక్కలు, సర్టిఫికెట్లు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు ఎక్కడెక్కడ ఉన్నా ఒకే ఫోల్డర్ కిందికి తెండి. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే సైజు తెలుస్తుంది. అంతకు కనీసం రెట్టింపు పట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు, అది జేబులోంచి జారిపోయే వస్తువు.

డీటీపీ చేసేవాళ్లకు ఒక మాట. పేజ్‌మేకర్ ఫైలొక్కటే దాస్తే సరిపోదు. అను ఫాంట్లలో కొట్టిన పుస్తకాన్ని ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఫాంట్లనూ, ఒక పీడీఎఫ్‌నూ అదే ఫోల్డర్‌లో వేయండి.

ఫైల్ హిస్టరీ ఆన్ చేయండి

విండోస్ 10, 11 లలో ఇది ముందే ఉంటుంది. డిస్క్ తగిలించి కంట్రోల్ ప్యానెల్ తెరవండి. సిస్టమ్ అండ్ సెక్యూరిటీలో ఫైల్ హిస్టరీకి వెళ్లి టర్న్ ఆన్ నొక్కండి. డిస్క్ తగిలించి ఉన్నంతసేపూ మారిన ఫైళ్లను గంటకోసారి కాపీ చేస్తుంది, పాత వెర్షన్లనూ ఉంచుతుంది. నిన్న చెరిపేసిన పేరా ఇవాళ కావాలంటే అక్కడ దొరుకుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇది చూసేది డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటి చోట్లనే. డి డ్రైవ్‌లోని మీ ఫోల్డర్ దాని కంట పడదు. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌క్లూడ్ ఇన్ లైబ్రరీ' ద్వారా చేర్చాలి. విండోస్ 11లో అయితే ముందు 'షో మోర్ ఆప్షన్స్' నొక్కాలి. మ్యాక్ ఉన్నవాళ్లకు టైమ్ మెషీన్ ఉంది, ఈ తలనొప్పి లేదు.

డిస్కును తగిలించి వదిలేయకండి

2017 మేలో వనాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే ఇలాంటి వైరస్‌లు, తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కునూ వదలవు. వారానికోసారి తగిలించి 'రన్ నౌ' నొక్కండి, అయ్యాక ఎజెక్ట్ చేసి బీరువాలో పెట్టండి.

ఆ బీరువా కూడా ఇంట్లోదే కదా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు, కింది అంతస్తులో ఉంటే ల్యాప్‌టాపైనా డిస్కైనా ఒకటే. ఇంకో కాపీ ఊళ్లో అన్నయ్య దగ్గరో, ఇంటర్నెట్‌లో దాచుకునే క్లౌడ్‌లోనో ఉండాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ పంచుకుంటాయి కాబట్టి, ముఖ్యమైన కాగితాల వరకే వాడుకోండి. కంప్యూటర్‌లో చేసిన మార్పులను క్లౌడ్‌లోనూ చేసేసే సింక్‌ను మాత్రం బ్యాకప్ అనుకోవద్దు. కంప్యూటర్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది.

తెరిచి చూడండి

కాపీ అయిందని సంబరపడకుండా, నెలకోసారి వేరే కంప్యూటర్‌కు డిస్క్ తగిలించి మూడు ఫైళ్లు తెరవండి. ఒక ఫొటో, ఒక ఎక్సెల్, ఒక పాత వీడియో చాలు. తెరుచుకోకపోతే ఆ రోజే తెలుస్తుంది, ఒరిజినల్ ఇంకా చేతిలో ఉండగానే. నేను మా డిస్కు మీద తెల్ల స్టిక్కర్ అంటించి, చివరిసారి తెరిచి చూసిన తేదీ పెన్సిల్‌తో రాస్తుంటాను.