పాత టీవీ గేమ్ క్యాసెట్లు వెతికి పోగుచేయడం ఎలా?

1990ల్లో, 2000ల మొదట్లో టీవీకి తగిలించి ఆడుకున్న 8 బిట్ వీడియో గేమ్ పెట్టెలను ఇప్పుడు పట్టించుకునేవాళ్లు తక్కువ. ప్లేస్టేషన్ పాతబడితే దాచుకుంటారు, వీటిని మాత్రం పాత సామాన్ల బండికి వేసేస్తారు. మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో దొరికిన ఈ పెట్టెలు చాలావరకు 1983లో నింటెండో జపాన్‌లో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు నకళ్లు. నకళ్లే అయినా, మనలో చాలామందికి మొదటి వీడియో గేమ్ ఇదే. అందుకే వీటి క్యాసెట్లు చెత్తలో కలిసిపోకముందే పోగుచేయాలని నా పట్టుదల.

మొదట పిన్నులు చూసుకోండి

మన పెట్టెలకు పట్టేది 60 పిన్నుల క్యాసెట్, ఒక్కో వైపు 30. అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చిచ్చే పెద్ద బూడిదరంగు నింటెండో క్యాసెట్‌కు 72 ఉంటాయి. మధ్యలో కన్వర్టర్ లేకుండా అది ఎక్కదు. సెగా 16 బిట్ క్యాసెట్లకు 64. చూడటానికి దగ్గరగానే ఉంటాయి కాబట్టి కొనేముందు లెక్కపెట్టండి, బలవంతంగా మాత్రం నొక్కకండి.

ఎక్కడ అడగాలి

నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో పెద్ద షోరూముల్లో అడిగి లాభం లేదు. కావలి, కందుకూరు, సింగరాయకొండ లాంటి ఊళ్లలో పాతకాలం నుంచి ఉన్న టీవీ మెకానిక్ షాపులకు వెళ్లండి. రిపేరుకని ఇచ్చి, తిరిగి తీసుకెళ్లని పెట్టెలు అక్కడ మూలన పడి ఉండొచ్చు. ఒకప్పుడు గంటకింత అని వీడియో గేమ్‌లు ఆడించిన షాపు మీ ఊళ్లో ఉండి ఉంటే, దాని ఓనరు ఇప్పుడు ఏ వ్యాపారంలో ఉన్నా వెతికి పట్టుకోండి. "అన్నా, ఆ పాత క్యాసెట్లు ఏమైనా మిగిలినాయా?" అని అడగడానికి మొహమాటపడొద్దు.

అన్నిటికన్నా మంచి అదను సంక్రాంతి ముందు, ఇల్లు దులిపే రోజులు. అటక మీది అట్టపెట్టెలు కిందికి దిగేది అప్పుడే. చుట్టాలకు, పక్కింటివాళ్లకు ముందే చెప్పి ఉంచితే పారేయకుండా పక్కన పెడతారు. పెట్టె పనిచేయకపోయినా తీసుకోండి, జాయ్‌స్టిక్కులు, వైర్లు పనికొస్తాయి.

స్టిక్కర్‌ని నమ్మకండి

అసలు పని ఇక్కడే ఉంది. పైన మారియో బొమ్మ, లోపల ఇంకేదో గేమ్. "9999 ఇన్ 1" అని ఉన్నదాంట్లో నిజంగా ఉండేవి కొన్నే. అవే గేమ్‌లు వేరే పేర్లతో, వేరే లెవెల్ నుంచి మొదలయ్యేలా మళ్లీ మళ్లీ వస్తాయి. బ్యాటిల్ సిటీ, రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ, ఐస్ క్లైంబర్ అన్నిట్లో ఎందుకు కనిపిస్తాయంటే, అవి చాలా చిన్నవి. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లే. 1988 నాటి కాంట్రా 128 కిలోబైట్లు. అందుకే అలాంటి పెద్ద గేమ్‌లు ఎక్కువగా విడి క్యాసెట్లలోనో, నాలుగైదు గేమ్‌లున్న క్యాసెట్లలోనో కనిపిస్తాయి. తక్కువ అంకె ఉన్న క్యాసెట్‌ని చులకనగా చూడకండి. నేనైతే ముందు దాన్నే చేతిలోకి తీసుకుంటాను.

ప్రతి క్యాసెట్‌నూ ఆన్ చేసి, మెనూని, టైటిల్ స్క్రీన్‌ని, స్టిక్కర్‌ని ఫోన్‌లో ఫొటో తీయండి. ఒక నోట్‌బుక్‌లో క్యాసెట్ రంగు, లోపల నిజంగా ఉన్న గేమ్‌లు, ఏ ఊళ్లో దొరికిందీ రాసుకోండి. కొన్నిట్లో తయారీదారు పేరు చెరిపేసి ఉంటుంది, అప్పుడు గేమ్‌ని ఆటతీరు బట్టే పోల్చుకోవాలి. ఎక్కడా ఆనవాలు దొరకని గేమ్ తగిలితే కొంచెంసేపు ఆడి వీడియో తీసి పెట్టండి. తైవాన్, చైనాల్లో లైసెన్సు లేకుండా తయారైన గేమ్‌లు చాలా ఉన్నాయి, వాటి వివరాలు దొరకడం కష్టం.

శుభ్రం చేయడం

పనిచేయకపోతే ఉఫ్ అని ఊదడం మనందరి అలవాటు. మానేయండి, నోటి తడికి పిన్నులు ఇంకా పాడవుతాయి. మన సముద్రతీరం ఉప్పుగాలికి రాగి మీద చిలుము తొందరగా పడుతుంది, మైపాడు, కొత్తపట్నం వైపు దొరికిన క్యాసెట్లయితే ముందుగా ఇదే చూడండి. మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి, నల్లదనం పోయేదాకా పిన్నులు తుడిచి, బాగా ఆరనివ్వండి. గరుకు కాగితంతో రుద్దితే పైపూత పోతుంది. అప్పటికీ రాకపోతే మూత తీసి చూడండి. కాళ్లున్న చిప్ అయితే టంకం ఊడిందేమో మెకానిక్ చూడగలడు. నల్లటి తారుబొట్టు లాంటి చిప్ చచ్చిపోతే ఇక చేసేదేం లేదు. దాచేటప్పుడు మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి.

ఆడించడం

అడాప్టర్ వోల్టేజీ ఎంతో, ప్లస్ మైనస్ ఎటో పెట్టె వెనక చూసి, మీటర్‌తో సరిచూశాకే పెట్టండి. కొత్త టీవీకి పసుపు, తెలుపు పిన్నుల సాకెట్ లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న కన్వర్టర్ చాలు. గన్‌తో బాతుల్ని కాల్చే డక్ హంట్‌కి మాత్రం అది పనికిరాదు. ఆ గన్ పిక్చర్ ట్యూబ్ టీవీ వెలుగునే గుర్తుపడుతుంది, ఎల్‌ఈడీ టీవీ మీద గురి తగలదు. అందుకే మెకానిక్ షాపుకి వెళ్లినప్పుడు, పనిచేసే 14 అంగుళాల పాత టీవీ ఉందేమో కూడా అడగండి.