ఐవీ తీగ వాడిపోతే ముందు నీళ్ల చెంబు పక్కన పెట్టండి

ఐవీ చల్లటి దేశాల తీగ, చెట్ల నీడన పాకే రకం. 15 నుంచి 22 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. విజయనగరం, శ్రీకాకుళంలో ఏప్రిల్ వచ్చిందంటే ఇంట్లో కూడా ఆ చల్లదనం దొరకదు. అందుకే వేసవిలో ఇది ఎదగకుండా ఆగిపోతే జబ్బనుకోకండి. ఆకులు వేలాడాయని రోజూ నీళ్లు పోయడం మొదలుపెడితేనే అసలు జబ్బు వస్తుంది. వేరు ఎండినా ఆకు వాడుతుంది, కుళ్లినా వాడుతుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

వేలు మట్టిలోకి రెండు కణుపుల లోతు దించి చూడండి. లోపల పొడిగా ఉండి కుండీ తేలిగ్గా అనిపిస్తే, బకెట్లో అంగుళంన్నర నీళ్లు పోసి అందులో కుండీని అరగంట ఉంచితే చాలు. తడిగా ఉండి కూడా ఆకు వాడితే మొక్కను బయటికి తీయాల్సిందే. తెల్లగా, గట్టిగా ఉన్నవి మంచి వేర్లు. గోధుమరంగులో మెత్తబడి, కంపు కొడుతూ, పట్టుకుంటే పైతొక్క ఊడి వచ్చేవి కుళ్లినవి. వాటిని స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో మొత్తం తీసేయండి. వేర్లు ఎంత పోతే తీగను కూడా దాదాపు అంత కత్తిరించాలి, లేకపోతే మిగిలిన వేర్లు అన్ని ఆకులకు నీళ్లు అందించలేవు. ఐవీ రసం కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, గ్లవుజులు వేసుకోండి. ఆకులు తింటే పిల్లలకీ, కుక్కలకీ, పిల్లులకీ విషమే.

తిరిగి నాటే మట్టి: కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, ఏటి ఇసుక ఒక పాలు, వర్మీ కంపోస్టు ఒక పాలు. మన ఎర్రమట్టి ఒక్కటే వేస్తే గట్టిపడిపోతుంది. ఉద్దానం వైపు పీచు తీసేచోట దొరికే పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, దాన్ని రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడిగాకే వాడాలి. సముద్రపు ఇసుక జోలికి వద్దు. వేర్ల ముద్ద కన్నా ఒక్క అంగుళమే వెడల్పున్న, అడుగున చిల్లులున్న కుండీ తీసుకోండి. పెద్ద కుండీలో తాగే వేరు లేని మట్టి రోజులతరబడి తడిగా ఉండి మళ్లీ కుళ్లు మొదలవుతుంది.

వేర్లు బాగానే ఉండి, ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు, కణుపుల దగ్గర బూజులాంటి దారాలు కనిపిస్తే అది ఎర్రనల్లి అనే సన్నటి పురుగు. తెల్ల కాగితం మీద ఆకును తడితే చుక్కలు నడుస్తాయి. వేడికీ, పొడి గాలికీ, ముఖ్యంగా ఏసీ గదిలో, ఇది విజృంభిస్తుంది. ముందు కుళాయి కింద ఆకుల అడుగుభాగాలను గట్టిగా కడగండి. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల గిన్నెల సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకుల వెనక తడిసేలా పిచికారీ చేయండి. గుడ్లు చావవు కాబట్టి వారానికోసారి చొప్పున నాలుగు వారాలు చేయాలి. ఒకసారి కొట్టి ఊరుకుంటే పది రోజుల్లో మళ్లీ వస్తుంది.

ఆకు అంచులు మాత్రమే ఎండి, మట్టిమీద తెల్ల పొర కడితే బోరునీటి ఉప్పు. కుండీ పరిమాణానికి మూడు నాలుగు రెట్ల వాననీళ్లు నెమ్మదిగా పోసి కిందికి కారనివ్వండి.

చోటు విషయానికొస్తే, పొద్దుటి ఎండ తగిలే తూర్పు కిటికీ బావుంటుంది. పడమటి కిటికీ వేసవిలో కాల్చేస్తుంది. జూన్ తర్వాత గాలిలో తేమ పెరిగి కుండీ నెమ్మదిగా ఆరుతుంది, నీళ్ల మధ్య ఎడం పెంచండి. ఎరువు మాత్రం చిగుళ్లు వచ్చేదాకా వద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరు నీటికి ఒక గ్రాము, నెలకోసారి.

వేర్లన్నీ పోయినా గట్టిగా, పచ్చగా ఉన్న కొమ్మ ఒక్కటి మిగిలితే చాలు. కణుపు కింద నాలుగైదు అంగుళాల ముక్క కోసి, కింది ఆకులు తీసి, ఒక కణుపు మునిగేలా గాజు సీసాలో నీళ్లలో పెట్టండి. మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. మూడు నాలుగు వారాల్లో వేర్లు వస్తాయి, అవి అంగుళం దాటాక మూడు ముక్కలు కలిపి ఒకే కుండీలో నాటండి. మే నెలలో సీసా నీళ్లు వేడెక్కి కొమ్మ కుళ్లుతుంది, అందుకని ఆ నెలలో సీసాను వంటింటికి దూరంగా చల్లటి గచ్చు మీద ఉంచాలి.