నాయనమ్మ పేరు మర్చిపోతే పిల్లలకు ఏం చెప్పాలి

ఇంట్లో పెద్దవాళ్లకి డిమెన్షియా (జ్ఞాపకశక్తి తగ్గిపోయే జబ్బు) ఉంటే పిల్లలకు ముందే చెప్పి ఉంచండి: "నాయనమ్మ మెదడుకి జబ్బు చేసింది. నీ మీద ప్రేమ పోయి కాదు, పేరు గుర్తురాక నిన్ను వాళ్ల చెల్లెలి పేరుతో పిలుస్తోంది. ఇది నీ వల్ల రాలేదు, నీకు అంటుకోదు." మా ఎనిమిదేళ్ల పాపకి ఆ చివరి మాటే ధైర్యమిచ్చింది. దానికి ఆ భయం ఉందని నాకు తట్టనే లేదు.

"నేనెవరో చెప్పుకో చూద్దాం" అని మాత్రం ఎవరినీ పరీక్ష పెట్టనివ్వకండి. (పిల్లలు వింటారు, చుట్టాల్ని ఆపడమే కష్టం.) మా పాప ఇప్పుడు ఎదురుగా కూర్చుని "నాయనమ్మా, నేను బుజ్జిని" అని తనే చెప్పి, చిక్కుడుకాయల పళ్లెం ముందు పెడుతుంది. పేర్లు పోయినా చేతులకి పని గుర్తుంది. ఈనెలు తీస్తూ తీస్తూ ఆవిడ ఏదో పాత పాట అందుకుంటుంది.

అడిగిందే అడుగుతుంటే విసుగొస్తుంది, సహజం. అప్పుడు లేచి ఆడుకోవడానికి వెళ్లిపోవచ్చని పాపకి చెప్పాం. కాపలా పని మాది, దానిది కాదు. చీకటిపడే వేళకి అత్తయ్యకి కంగారు ఎక్కువవుతుంది కాబట్టి ఈ చిక్కుడుకాయల కార్యక్రమం పొద్దుటిపూటే.