తిరుమల కుటుంబ యాత్ర: ఖర్చు తగ్గే క్రమం

కుటుంబంతో తిరుమలకు వెళ్ళేవారు ముందు రైలు టికెట్లు కొని, తర్వాత దర్శనం సంగతి చూడటం సరికాదు. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను, కొండపై గదులను దేవస్థానం సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. రైలు రిజర్వేషన్ మాత్రం 60 రోజుల ముందు గానీ మొదలు కాదు. కనుక దర్శనం తేదీ ఖాయమయ్యాక, రిజర్వేషన్ తెరిచే రోజు ఉదయం 8 గంటలకే స్లీపర్ బెర్తులు తీసుకుంటే తత్కాల్ అదనపు రుసుము మిగులుతుంది. పైగా ఖాయమైన తత్కాల్ టికెట్‌ను మనంతట మనం రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు.

పిల్లల లెక్క జాగ్రత్తగా చూడాలి. ఐదేళ్ళు నిండనివారికి బెర్తు అడగకపోతే ఛార్జీ లేదు. ఐదు నుంచి పన్నెండేళ్ళ లోపువారికి బెర్తు వద్దంటే సగం, కావాలంటే పూర్తి ఛార్జీ. రాత్రి ప్రయాణంలో పదేళ్ళ పిల్లవాడిని పక్కన ఇరికించుకుని పడుకోవడం కంటే మిగతా సగం కూడా చెల్లించి బెర్తు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

కొండపైన ఉచిత బస్సులు తిరుగుతుంటాయి, వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం ఉచితం. అలిపిరి మెట్లదారిన నడిచేవారు సామాను కింద అప్పగిస్తే రుసుమేమీ లేకుండా పైకి చేరుస్తారు; రసీదు మాత్రం పోగొట్టుకోకూడదు.