గ్లిఫ్ బిట్‌మ్యాప్‌లు - 4వ పాఠం: అక్షరం ఎందుకు పక్కకి జారింది?

గ్లిఫ్‌ను, అంటే ఒక అక్షరం బొమ్మను, మెమరీలోంచి చదివి గీయడం పోయిన పాఠంలోని అభ్యాసం. అది చేసి మీరు పంపిన బొమ్మలు చూశాను. చాలావాటిలో ఒకటే జబ్బు. అక్షరాన్ని పోల్చుకోగలం, కానీ కిందికి వచ్చేకొద్దీ అది పక్కకి జారిపోతోంది. "నేను ఇటాలిక్ అడగలేదు కదా" అని ఒకరు రాశారు. ఈసారి రంగుల ఫార్మాట్లు మొదలుపెడదామనుకున్నాను గానీ, ఈ జారుడు తేలకుండా ముందుకెళితే రంగుల్లోనూ ఇదే మళ్లీ వస్తుంది. కాబట్టి రంగులకు చివర్లో కాస్త చోటు మిగిలితే చూద్దాం.

మీలో చాలామంది స్ట్రక్చర్‌లో వెడల్పు, ఎత్తు, బఫర్ (పిక్సెళ్లు ఉన్న మెమరీ) మాత్రమే పెట్టుకున్నారు. అసలు చిక్కు అక్కడే. ఇంకొకటి కావాలి: పిచ్. మెమరీలో ఒక వరుస మొదటి బైటు నుంచి దాని కింది వరుస మొదటి బైటుకి ఎన్ని బైట్ల దూరమో చెప్పేది పిచ్. కొన్ని లైబ్రరీలు దీన్నే స్ట్రైడ్ అంటాయి.

13 పిక్సెళ్ల వెడల్పు, 16 వరుసల ఎత్తు ఉన్న గ్లిఫ్ తీసుకుందాం, పిక్సెల్‌కి ఒక బిట్. 13 × 16 = 208 బిట్లు, అంటే 26 బైట్లు అని లెక్కేసిన వాళ్లందరి అక్షరాలూ జారాయి. వరుస మామూలుగా బైటు మధ్యలో మొదలవదు. 13 బిట్లకు రెండు బైట్లు పడతాయి, మిగిలిన మూడు బిట్లు పాడింగ్, అంటే ఉత్త నింపుడు. కాబట్టి మొత్తం 32 బైట్లు. మీ కోడ్ రెండో వరుసను 13వ బిట్ దగ్గర వెతుకుతోంది, అది ఉన్నదేమో 16వ బిట్ దగ్గర. ముందుగా పాత వరుస పాడింగ్ మూడు బిట్లు కనబడి, ఆ తర్వాతే అసలు వరుస మొదలవుతుంది. వరుసకు మూడు పిక్సెళ్ల చొప్పున అక్షరం కుడికి జరుగుతుంది.

దీని తిరగేసిన రూపం ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ లైబ్రరీ) వాడిన వాళ్లకు తగిలింది. అదే గ్లిఫ్ 8 బిట్ల గ్రేలో ఉంటే పిచ్ సరిగ్గా 13 బైట్లు కావచ్చు. కానీ టెక్స్చర్ (దానికిచ్చే బొమ్మ) ఎక్కించేటప్పుడు ఓపెన్‌జీఎల్ అన్‌ప్యాక్ అలైన్‌మెంట్ డిఫాల్ట్‌గా 4. ప్రతి వరుసా నాలుగు బైట్ల హద్దు మీద మొదలవుతుందని అది అనుకుని, వరుసకి 16 బైట్లు దూకుతుంది. అక్షరం ఎడమకి జారుతుంది. అంతటితో పోదు: బఫర్‌లో ఉన్నది 208 బైట్లే, పై నుంచి సున్నాతో లెక్కిస్తే 13వ వరుస మొదలయ్యేసరికే అది అయిపోతుంది. చివరి మూడు వరుసలు ఎవరిదో మెమరీ. అన్‌ప్యాక్ అలైన్‌మెంట్‌ను 1 చేయండి, సరిపోతుంది.

కాబట్టి బొమ్మ చూడగానే చెప్పొచ్చు. కిందికి పోయేకొద్దీ కుడికి జరిగితే మీ పిచ్ అసలు దానికన్నా తక్కువ. ఎడమకి జరిగితే ఎక్కువ. వరుసకి ఎన్ని పిక్సెళ్లు జరిగిందో అదే మీ తేడా. డీబగ్గర్ తెరవాల్సిన పని కూడా లేదు.

ఇక నన్ను విసిగించే సంగతి. పై మాట వినగానే అందరూ (వెడల్పు + 7) / 8 అనే సూత్రం పట్టుకుని ప్రతిచోటా అతికిస్తారు. బీడీఎఫ్ (బిట్‌మ్యాప్ ఫాంట్) ఫైలు మీరే చదువుతుంటే ఆ సూత్రం సరైనదే, అక్కడ వరుసను బైటుకే సర్దుతారు. కానీ ఫ్రీటైప్ (ఫాంట్లు గీసే లైబ్రరీ) మోనో గ్లిఫ్, అంటే పిక్సెల్‌కి ఒక బిట్ ఉన్నది, గీసేటప్పుడు వరుసను రెండేసి బైట్లకు సర్దుతుంది. 5 పిక్సెళ్ల గ్లిఫ్‌కి మీ సూత్రం 1 అంటుంది, అది ఇచ్చే పిచ్ 2. అప్పుడు అక్షరం జారదు. ఒక వరుస విడిచి ఒక వరుస ఖాళీగా, నిలువునా సాగి, పైసగం మాత్రమే కనిపిస్తుంది. దాన్ని చూసి ఫాంట్ పాడైందనుకుంటారు! లైబ్రరీ పిచ్ ఇస్తే దాన్నే వాడండి. మళ్లీ లెక్కపెట్టకండి. "నా దగ్గర ఎప్పుడూ సమానంగానే వచ్చింది" అనేది కారణం కాదు, 16 పిక్సెళ్ల గ్లిఫ్‌లతోనే పరీక్షిస్తే పిచ్ సంగతి తెలియని కోడ్ కూడా పాసవుతుంది.

పిచ్‌ను అన్‌సైన్డ్‌గా ప్రకటించకండి. అది రుణసంఖ్య కావచ్చు. అంటే మెమరీలో మొదట ఉన్నది అట్టడుగు వరుస అని. బీఎంపీ ఫైళ్లు కూడా మామూలుగా ఇలా కింది నుంచి పైకే ఉంటాయి, పైగా వరుసలు నాలుగు బైట్లకు సర్ది ఉంటాయి.

ఒక్క బిట్ చదవడం ఇలా, పై వరుస ముందున్న బఫర్‌కి:

బైటు = బఫర్[వరుస × పిచ్ + కాలమ్ / 8]
బిట్ = (బైటు >> (7 − కాలమ్ % 8)) & 1

ఇక్కడ ఎడమ పిక్సెల్ పెద్ద బిట్‌లో (బైటులో అన్నిటికన్నా ఎక్కువ విలువ ఉన్న బిట్‌లో) ఉంది. ఎక్స్‌బీఎం అనే బొమ్మ ఫైళ్లలో ఇది తలకిందులు, 7 నుంచి తీసేయడం మానేయాలి. పొరబడితే అక్షరం మొత్తం అద్దంలో పడ్డట్టు రాదు, ఎనిమిదేసి పిక్సెళ్ల ముక్క ముక్క విడివిడిగా తిరగబడుతుంది. ఎస్‌ఎస్‌డీ1306 లాంటి చిన్న ఓలెడ్ తెరల్లో బైటు నిలువుగా నిలబడి ఉంటుంది, చిన్న బిట్ పైన. అక్కడ ఈ సూత్రం అసలు పనికిరాదు.

నా పద్ధతి చెబుతాను. గ్లిఫ్ లోడ్ అవగానే అన్నిటినీ 8 బిట్ల గ్రేలోకి మార్చేస్తాను. 16 × 16 గ్లిఫ్ 32 బైట్ల నుంచి 256 బైట్లకు పెరుగుతుంది. మైక్రోకంట్రోలర్ మీద కాకపోతే ఆ ఖర్చును పట్టించుకోను. మార్చేటప్పుడు వెలిగిన బిట్‌కి 255 రాయండి. 1 రాస్తే అక్షరం ఉంటుంది, కంటికి కనబడదు.

గ్రే అన్నాను గానీ అది రంగు కాదు, కవరేజీ. ఆ పిక్సెల్‌ని అక్షరం ఎంతమేర కప్పిందో చెప్పే సంఖ్య. రంగు మీరు వేయాలి (నేల అంటే అక్షరం వెనకున్న రంగు):

ఫలితం = నేల + (రంగు − నేల) × కవరేజీ / 255

తొందర కోసం 8 బిట్లు కుడికి తోస్తే 256తో భాగించినట్టు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరం 255కి బదులు 254 దగ్గర ఆగిపోతుంది.

రంగు ఇమోజీలకు ఫ్రీటైప్ బీజీఆర్ఏ ఇస్తుంది: మెమరీలో నీలం, ఆకుపచ్చ, ఎరుపు, ఆల్ఫా (పారదర్శకత చెప్పే బైటు). అదే నాలుగు బైట్లను లిటిల్ ఎండియన్ (సంఖ్యలో చిన్న బైటు ముందుండే) యంత్రంలో 32 బిట్ల సంఖ్యగా చదివితే పెద్ద కొసన ఆల్ఫా ఉంటుంది, కొందరు దాన్నే ఏఆర్‌జీబీ అంటారు. రెండూ ఒకటే. రంగులు ముందే ఆల్ఫాతో గుణించి ఉంటాయి, మళ్లీ గుణిస్తే అంచులు నల్లబడతాయి. ఎల్‌సీడీ మోడ్‌లో వెడల్పు మూడింతలు కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ లెక్కపెట్టేది సబ్‌పిక్సెళ్లను, అంటే ఒక్కో పిక్సెల్‌లోని మూడు రంగుల ముక్కలను. 565 ఫార్మాట్ (16 బిట్ల రంగు) వచ్చే పాఠంలో.

అభ్యాసం. గ్లిఫ్, కాలమ్, వరుస ఇస్తే 0 నుంచి 255 వరకు కవరేజీ తిరిగిచ్చే ఒకే ఫంక్షన్ రాయండి. మోనో పెద్ద బిట్ ముందు, మోనో చిన్న బిట్ ముందు, నిలువు బైట్లు, 8 బిట్ల గ్రే: నాలుగూ అదే చదవాలి, రుణ పిచ్‌తో సహా. 1, 7, 8, 9, 13, 17 వెడల్పులతో పరీక్షించండి. పాడింగ్‌లో సున్నాలు వదలకుండా అన్ని బిట్లూ 1 చేసి పెట్టండి, అయినా నాలుగు ఫార్మాట్ల ఫలితమూ అక్షరాలా ఒకటే రావాలి. అన్నీ అయ్యాక ఖాళీ జాగా గ్లిఫ్ ఇవ్వండి: వెడల్పు 0, ఎత్తు 0, బఫర్ నల్ కావచ్చు, అడ్వాన్స్ (కర్సర్ ఎంత జరగాలో చెప్పేది) మాత్రం ఉంటుంది. ప్రోగ్రామ్ కూలకూడదు, కర్సర్ ముందుకి కదలాలి.