ఆసుపత్రిలో మనిషి పోయాక మార్చురీ, పోస్టుమార్టం పనులు ఎలా చూసుకోవాలి

మా నాన్న పోయిన రోజు నేను మూడు కాగితాల మీద సంతకం పెట్టాను, అవేంటో ఇప్పటికీ నాకు తెలీదు. ఆసుపత్రికి తీసుకెళ్ళిన గంటలోపే అయిపోయింది, కారణం తెలీట్లేదు పోస్టుమార్టం చెయ్యాలి అన్నారు, మేం వద్దని డాక్టర్‌తో గంటసేపు గొడవపడ్డాం. తర్వాత తెలిసిందేంటంటే అది అసలు ఆ డాక్టర్ చేతిలో ఉన్న విషయమే కాదు. ఆ గంట నాన్న పక్కన కూర్చుని ఉండాల్సింది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఒక పని చెయ్యండి. ఇంట్లోవాళ్ళలో కాస్త నిలబడి మాట్లాడగలిగే మనిషి, అల్లుడో మేనల్లుడో స్నేహితుడో, ఒక్కరికి కాగితాలు, ఫోన్లు అప్పజెప్పేయండి. బాగా దగ్గరివాళ్ళకి ఆ పని పెట్టకండి. ఐదుగురు ఐదుసార్లు వెళ్ళి అడిగితే ఐదు సమాధానాలు వస్తాయి, ఎవరికీ ఏదీ అర్థం కాదు.

డాక్టర్ వచ్చి చనిపోయారని నిర్ధారించాక వెంటనే బాడీని తీసుకెళ్ళిపోవాలని ఏం లేదు, కాసేపు ఉండనివ్వండి అని అడగండి, చాలావరకు ఒప్పుకుంటారు. ఈలోపు నర్సులు కళ్ళు మూసి, దవడ సరిచేసి, కాళ్ళూ చేతులూ చాపి పెడతారు, ఎందుకంటే రెండు మూడు గంటల్లో కనురెప్పలు, దవడ దగ్గర మొదలై ఒళ్ళు బిగుసుకుంటూ వస్తుంది, దాదాపు 12 గంటలకి పూర్తిగా బిగుస్తుంది, ఒకటిన్నర రోజు దాటాక మళ్ళీ వదులవుతుంది. ఉంగరం, గొలుసు, కళ్ళజోడు, పళ్ళ సెట్టు, ఫోను, ఇవన్నీ రాయించి సంతకం పెట్టించుకుని తీసుకోండి, నోటిమాట మీద వదిలేయకండి. ఇంకోటి, లీగల్ పోస్టుమార్టం అని తేలితే ఒంటికున్న ట్యూబులు, సూదులు, బట్టలు అలాగే ఉంచేస్తారు, కడగనివ్వరు కూడా. చూడలేం, పీకేయమని బతిమాలుతాం, కానీ అవి కూడా పరీక్షలో భాగమే.

మార్చురీ అనగానే మనకి గడ్డకట్టిన మనిషే కళ్ళముందుకి వస్తాడు. మామూలుగా అక్కడ ఉండేది 4 డిగ్రీల దగ్గర, అంటే ఇంట్లో ఫ్రిజ్ అంత చల్లదనం, గడ్డకట్టరు. చాలా రోజులు ఉంచాల్సి వస్తేనే మైనస్‌లో పెడతారు. చేతికో కాలికో పేరున్న ట్యాగు కడతారు, ఆ పేరు మీరే ఒకసారి చదవండి, స్పెల్లింగుతో సహా. బాడీ ఇచ్చేటప్పుడు మొహం తీసి చూసి, ట్యాగు చూసి, అప్పుడే సంతకం పెట్టండి. మారిపోవడం అరుదు, కానీ మారితే ఆ బాధకి మందులేదు.

చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ముందే చెప్పి తీసుకెళ్ళండి: ఒళ్ళు చల్లగా ఉంటుంది, రంగు పాలిపోతుంది, పెదాలు ఎండుతాయి. వీపు కింద, మెడ వెనక ఊదారంగు మచ్చలు కనపడతాయి, అవి దెబ్బలు కాదు, గుండె ఆగాక రక్తం బరువుకి కిందవైపుకి దిగుతుంది, అంతే. మా బాబాయ్ ఆ మచ్చలు చూసి ఎవరో కొట్టారని అరిచేశాడు, పాపం ఆయన తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు కదా. చూడలేను అన్నవాళ్ళని బలవంతపెట్టకండి, చూస్తాను అన్నవాళ్ళని ఆపకండి.

ఇప్పుడు అసలు విషయం. పోస్టుమార్టం మాట రాగానే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది చట్టం అడుగుతోందా, ఆసుపత్రి అడుగుతోందా? ప్రమాదం, ఆత్మహత్య, అనుమానం, ఉన్నట్టుండి కారణం తెలీకుండా పోవడం, ఇలాంటివాటిలో చట్టప్రకారం చేస్తారు, దానికి మన ఒప్పుకోలు అక్కర్లేదు, వద్దన్నా సాధారణంగా ఆగదు. గొడవపడే బదులు ఎవరు ఆర్డర్ ఇస్తున్నారు, ఎప్పుడు చేస్తారు, బాడీ ఎప్పుడిస్తారు, రిపోర్టు ఎవరి దగ్గర తీసుకోవాలి అని అడిగి రాసుకోండి. మతపరంగా తొందరగా సాగనంపాల్సి ఉంటే అది కూడా అప్పుడే చెప్పండి, ముందు చెప్తే ఎంతోకొంత సర్దుతారు. రెండోది జబ్బు గురించి ఇంకా తెలుసుకోడానికి ఆసుపత్రి అడిగేది. దీనికి మన సంతకం కావాలి, కాదనొచ్చు, లేదా గుండె వరకే చూడండి, తలజోలికి వెళ్ళొద్దు అని హద్దు కూడా పెట్టొచ్చు.

లోపల ఏం చేస్తారో తెలుసుకోవాలనుకునేవాళ్ళకి మాత్రమే ఈ పేరా, వద్దనుకుంటే దాటేయండి. ముందు ఒంటిపైన అంతా చూస్తారు, తర్వాత ఛాతీ నుంచి పొత్తికడుపు దాకా కోసి ఒక్కో అవయవాన్ని బయటికి తీసి పరీక్షిస్తారు, తలకైతే వెనకవైపు జుట్టులో ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా కోస్తారు. మామూలు కేసుల్లో రెండు మూడు గంటల పని. కుట్లేసి ఇస్తారు, బట్టలు వేశాక సాధారణంగా పైకి కనపడవు, మొహం జోలికి మామూలుగా వెళ్ళరు. కొన్నిచోట్ల సీటీ స్కాన్‌తోనే చూసే పద్ధతి ఉంది, ఉందేమో అడగండి, కానీ అన్ని కారణాలూ స్కాన్‌లో దొరకవు. చిన్న ముక్కలు, రక్తం ల్యాబ్‌కి పంపుతారు, ఏవి ఉంచుకుంటున్నారు, తర్వాత ఏం చేస్తారు అని అడిగే హక్కు మీకుంది.

దానం సంగతి ఆలోచించాలంటే ఆ గంటల్లోనే ఆలోచించాలి. కళ్ళు చాలాచోట్ల 6 గంటల్లోపు తీసుకోవాలంటారు. పూర్తి శరీరం మెడికల్ కాలేజీకి ఇద్దామనుకుంటే పోస్టుమార్టం అయిన బాడీని ఎక్కువగా తీసుకోరు, ఇది చాలామందికి తెలీక చివర్లో నిరాశపడతారు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే, దహనం చేసేటట్టయితే, ముందే చెప్పి తీయించేయండి, మంటల్లో దాని బ్యాటరీ పేలుతుంది.

డెత్ సర్టిఫికెట్ మీద పేరు, పుట్టినతేదీ గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే చూడండి, కాపీలు నాలుగైదు ఎక్కువే తీసుకోండి, బ్యాంకులు, ఇన్సూరెన్సు అన్నీ అడుగుతాయి. చావుకి కారణం ఏంటని డాక్టర్ రాసిచ్చే కాగితంలో ఉత్త "గుండె ఆగింది" అని రాస్తే అడగండి, గుండె అందరికీ ఆగుతుంది, ఎందుకు ఆగిందో రాయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫారంలో కూడా చివరికి ఏం జరిగింది, దానికి దారితీసింది ఏంటి, మూలకారణం ఏంటి అని వరుసగా అడుగుతారు.

ఇక మిగిలిన మనుషుల సంగతి. ఆ హడావుడిలో అమ్మ బీపీ మాత్ర వేసుకుందా అని ఎవరూ చూడరు. తట్టుకోలేని దుఃఖంలో గుండె కండరం నిజంగానే ఉన్నట్టుండి బలహీనపడే జబ్బు ఉంది, జపాన్ డాక్టర్లు 1990లో దానికి టకొట్సుబో అని పేరు పెట్టారు, కాబట్టి ఛాతీ నొప్పి, ఆయాసం అంటే ఏడుపు వల్లలే అని కొట్టిపారేయకండి. పిల్లలకి "నిద్రపోయారు" అని చెప్పకండి, తర్వాత వాళ్ళే పడుకోడానికి భయపడతారు, చనిపోయారు, ఇంక లేవరు అనే చెప్పండి. పుట్టకముందే బిడ్డ పోయినవాళ్ళకైతే ఎత్తుకోడానికి టైమివ్వమని, పాదాల ముద్ర తీయించమని మీరే అడిగిపెట్టండి, వాళ్ళకి ఆ క్షణంలో తోచదు. ఆసుపత్రిలో సోషల్ వర్కర్, కౌన్సెలర్ ఉంటారేమో కనుక్కుని నంబర్ దాచుకోండి, మొదటి వారం కాదు, అందరూ వెళ్ళిపోయాక అవసరం పడుతుంది. నెలలు గడిచినా మనిషి రోజువారీ పనులు కూడా చేసుకోలేకపోతుంటే డాక్టర్‌కి చూపించాలి, ఇలా తగ్గని దుఃఖాన్ని ఇప్పుడు ఒక జబ్బుగానే గుర్తించారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో 6 నెలలు దాటితే అని ఉంది.

రిపోర్టు వెంటనే రాదు, ల్యాబ్ పరీక్షలుంటే వారాలు పడుతుంది. వచ్చాక ఒంటరిగా చదవకండి, డాక్టర్ దగ్గర కూర్చుని చదివించుకోండి. అంబులెన్సుకి పది నిమిషాలు ఆలస్యంగా ఫోన్ చేశానని మా అమ్మ అన్నాళ్ళూ ఎవరితోనూ అనకుండా లోపలే పెట్టుకుంది. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చిరిగింది అని ఉంది అందులో. ఆ పది నిమిషాలు ముందొచ్చినా ఇంతేనమ్మా అన్నాడు డాక్టర్. అమ్మ ఆ లైను మళ్ళీ చదవమంది.