రేంజర్స్ ట్రేడ్లు, బుల్‌పెన్ మీద వాదించే ముందు ఏమేం చూసుకోవాలి

మ్యాచ్ పోయిన రాత్రి మా గ్రూపులో రెండే రెండు మెసేజ్‌లు వస్తాయి. ఒకటి "అసలు వాణ్ణి ఎందుకు దింపాడు?", రెండోది "ఆ ట్రేడ్ చేసినప్పుడే నేను చెప్పా". ఇక అర్ధరాత్రి దాకా అరుపులే, ఒక్కరూ ఒక్క పాయింట్ పెట్టరు. టెక్సాస్ రేంజర్స్ అనే ఈ బేస్‌బాల్ టీమ్ అంటే నాకు ప్రాణం. 2011 వరల్డ్ సిరీస్‌లో (కప్పు కోసం జరిగే ఫైనల్ సిరీస్) సెయింట్ లూయిస్‌లో జరిగిన గేమ్ 6 టీవీలో లైవ్ చూసినవాణ్ణి, తొమ్మిదో ఇన్నింగ్స్, మన పిచ్చర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) నెఫ్టాలీ ఫెలిజ్ చేతిలో బంతి, ఇద్దరు అవుట్, రెండు స్ట్రైక్‌లు, ఇంకొక్కటి పడితే కప్పు మనది, వాళ్ళ బ్యాటర్ డేవిడ్ ఫ్రీజ్ కొట్టిన బంతి మన ఫీల్డర్ నెల్సన్ క్రూజ్‌ని దాటిపోయింది, పదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ ఒక్క స్ట్రైక్ దూరం దాకా వచ్చి మళ్ళీ జారిపోయింది. అంత ప్రేమ ఉన్నప్పుడు వాదన కూడా దానికి తగ్గట్టు ఉండాలని నా పట్టుదల. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది కొత్తగా బేస్‌బాల్ చూడ్డం మొదలుపెట్టారు కాబట్టి, నోరు తెరిచే ముందు నేను ఏమేం చూస్తానో ఇక్కడ రాస్తున్నా.

ట్రేడ్ (టీమ్‌లు ప్లేయర్లని మార్చుకోవడం) గురించి అయితే మొట్టమొదట తేదీ రాసుకోండి. ఆ తేదీకి ఎవరికి ఏం తెలుసో దాన్నిబట్టే మాట్లాడాలి, తర్వాత జరిగింది చూసి కాదు. ఉదాహరణకి 2023 జూన్ 30. ఆ రోజు రేంజర్స్ కాన్సస్ సిటీ నుంచి పిచ్చర్ అరోల్డిస్ చాప్‌మన్‌ని తెచ్చుకున్నారు, బదులుగా పిచ్చర్ కోల్ రేగన్స్‌ని, రోనీ కబ్రేరా అనే కుర్రాణ్ణి ఇచ్చారు. రేగన్స్ అక్కడికెళ్ళి స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) అయ్యాడు, 2024లో ఆల్‌స్టార్, 223 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో తీసిన అవుట్లు), బెస్ట్ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఓటింగ్‌లో నాలుగో స్థానం. చాప్‌మన్ ఏమో ఆ సీజన్ అవ్వగానే పిట్స్‌బర్గ్‌కి వెళ్ళిపోయాడు. ఇది చూసి ఎవరైనా బంగారం ఇచ్చి ఇత్తడి తెచ్చుకున్నారనే అంటారు.

ఇప్పుడు ఆ జూన్ 30కి వెళ్ళి నిలబడండి. రేగన్స్ 2016 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని టీమ్‌లు వరసగా ఎంచుకునేది) మొదటి రౌండ్ పిక్, కానీ మోచేతికి టామీ జాన్ సర్జరీ ఒకటి కాదు రెండు అయ్యాయి, ఏళ్ళకేళ్ళు ఆటకి దూరంగా ఉన్నాడు, 2023లో మన బుల్‌పెన్‌లో (స్టార్టర్ తర్వాత దిగే రిలీవర్ల గుంపు) వేస్తుంటే ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు, తక్కువైతే మంచిది) దాదాపు 6. తర్వాత అతనికి పేరు తెచ్చిన స్లైడర్ అనే బంతి కాన్సస్ సిటీ వెళ్ళాక నేర్చుకున్నదే. ఇటు చూస్తే రేంజర్స్ డివిజన్‌లో పైన ఉన్నారు, స్టార్టర్లు ఆరో ఇన్నింగ్స్ దాకా లాక్కొస్తే ఆ తర్వాత లీడ్ కాపాడేవాడు లేడు. ఆ రెగ్యులర్ సీజన్ మొత్తానికి మనకి 30 సేవ్‌లు (చివర్లో దిగి లీడ్ కాపాడి గెలిపించినవి), 33 బ్లోన్ సేవ్‌లు, అంటే కాపాడినవాటికంటే పోగొట్టినవే ఎక్కువ. ఇల్లు కారుతుంటే వానాకాలం అయ్యాక చూద్దాంలే అనలేం కదా.

అలాగని నవంబర్ 1న ఫీనిక్స్‌లో కప్పు గెలిచాం కాబట్టి ట్రేడ్ రైట్ అని చెప్పడం కూడా అదే తప్పు, వైపు మారింది అంతే. ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఒకటి, ఎన్ని నెలల ఆట కొన్నారు, ఎన్నేళ్ళ ఆట ఇచ్చేశారు? ఐపీఎల్‌లో లాగా మూడేళ్ళకోసారి మెగా ఆక్షన్ ఇక్కడ ఉండదు, ఒక ప్లేయర్ ఫ్రీ ఏజెంట్ (నచ్చిన టీమ్‌కి వెళ్ళగలవాడు) అవ్వాలంటే మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ సర్వీస్ కావాలి, అందులో మొదటి మూడేళ్ళు దాదాపు కనీస జీతానికే ఆడతాడు, ఆ తర్వాత ఆర్బిట్రేషన్, అంటే పేచీ వస్తే జీతం మధ్యవర్తులు తేలుస్తారు. చాప్‌మన్ మూడు నాలుగు నెలల రెంటల్ (ఆ సీజన్ అవ్వగానే కాంట్రాక్ట్ అయిపోయేవాడు), రేగన్స్ చేతిలో ఇంకా ఏళ్ళు ఉన్నాయి. రెండు, ఆ ధరకి అదే టైంలో ఇంకెవరు దొరికేవాళ్ళు? ఆ ఏడాది ట్రేడ్‌లకి డెడ్‌లైన్ ఆగస్ట్ 1, మనవాళ్ళు నెల ముందే కొన్నారు, ముందు కొంటే నెల ఎక్కువ వాడుకోవచ్చు, దానికి ధర కూడా ఎక్కువే పడుతుంది. నా అభిప్రాయం అడిగితే, అవసరం నిజం, తొందర కూడా అర్థమయ్యేదే, కానీ ఇచ్చింది ఎక్కువ. కప్పు వచ్చినా ఈ మాట మార్చుకోను.

ట్రేడ్‌లో డబ్బుని కూడా ఒక ప్లేయర్ లాగే లెక్కేయాలి. చాలామంది ఇది వదిలేస్తారు. అదే ఏడాది జులై ఆఖర్లో న్యూయార్క్ మెట్స్ నుంచి మ్యాక్స్ షర్జర్ వచ్చాడు, మనం లూయిసాంగెల్ అకున్యాని ఇచ్చాం. అంత మంచి ప్రాస్పెక్ట్‌ని, ముప్పై తొమ్మిదేళ్ళ పిచ్చర్ కోసమా అని గోల. కానీ షర్జర్ జీతంలో 35 మిలియన్ డాలర్ల పైచిలుకు మెట్స్ కట్టడానికి ఒప్పుకున్నారు, ఆ డబ్బు వాళ్ళు కడుతున్నారు కాబట్టే అంత మంచి కుర్రాణ్ణి అడగగలిగారు. దాదాపు అదే సమయంలో సెయింట్ లూయిస్ నుంచి పిచ్చర్ జోర్డాన్ మాంట్‌గొమెరీ వచ్చాడు, పెద్ద హడావిడి లేదు, అక్టోబర్ 3న టాంపా బే గ్రౌండ్‌లో వైల్డ్ కార్డ్ (పోస్ట్‌సీజన్, అంటే నాకౌట్ దశలో మొదటి రౌండ్) మొదటి మ్యాచ్‌లో ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగు ఇవ్వలేదు.

ఇలాంటివి పాతకాలంలోనూ ఉన్నాయి. 1987లో డెట్రాయిట్ వాళ్ళు పిచ్చర్ డాయిల్ అలెగ్జాండర్‌ని తెచ్చుకుంటే అతను 9-0 తో (తొమ్మిది గెలుపులు, ఒక్క ఓటమి లేదు) డివిజన్ గెలిపించాడు, వాళ్ళు ఇచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడు జాన్ స్మోల్ట్జ్ అట్లాంటాలో హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్ళాడు. ముప్పై ఏళ్ళు దాటినా ఈ రెండు ముక్కల్నీ కలిపి చెప్పేవాళ్ళు తక్కువ, ఎవరికి కావాల్సిన సగం వాళ్ళు చెప్తారు.

ఇక బుల్‌పెన్. గొడవలు ఎక్కువ ఇక్కడే, తెలియని విషయాలు ఎక్కువ ఉండేదీ ఇక్కడే.

ఫ్రిస్కోలో, ఆ పక్కన ఉండేవాళ్ళకి ఒక అదృష్టం ఉంది. రఫ్‌రైడర్స్ అంటే రేంజర్స్ డబుల్ ఏ టీమ్ (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కిందది), ఆ గ్రౌండ్‌లో బుల్‌పెన్‌లు ఎక్కడో అవతల కంచె వెనక కాకుండా ప్రేక్షకుల సీట్ల మధ్యలోనే ఉంటాయి. ఒకసారి అక్కడ కూర్చుని చూడండి. నేను చూసిన రోజు ఆరో ఇన్నింగ్స్‌లో ఫోన్ మోగింది, ఒక కుర్రాడు లేచి రబ్బర్ బ్యాండ్‌తో భుజం లాగుకున్నాడు, కాలు పడే చోట మట్టిని స్పైక్స్‌తో గీరి చదును చేసుకున్నాడు, ముందు మెల్లగా నాలుగు, తర్వాత గట్టిగా. గట్టిగా వేసినప్పుడు క్యాచర్ గ్లవ్‌లో ఠప్పుమని మోగే చప్పుడు మన గుండెల్లో తగులుతుంది. ఇరవై బంతులు వేసి ఉంటాడు. ఇంతలో ఇన్నింగ్స్ అయిపోయింది, కూర్చున్నాడు. ఎనిమిదిలో మళ్ళీ ఫోన్, మళ్ళీ లేచాడు, మళ్ళీ పదిహేను బంతులు, ఈసారి కూడా పిలుపు రాలేదు. మర్నాడు స్కోర్ చూస్తే అతని పేరే ఉండదు. అందరి లెక్కలో అతను ఫ్రెష్, అతని చేతికి మాత్రం నిజం తెలుసు.

అందుకని "వాణ్ణి ఎందుకు దింపలేదు" అనే ముందు గత మూడు రోజులు ఎవరెవరు ఎన్ని బంతులు వేశారో చూడండి, వరసగా రెండు రోజులు వేసినవాణ్ణి మూడో రోజు చాలామంది మేనేజర్లు ముట్టుకోరు. ఆ పైన ఎదురుగా ఎవరు బ్యాటింగ్‌కి వస్తున్నారో చూడండి. 2020 నుంచి ఒక రిలీవర్ వస్తే కనీసం ముగ్గురు బ్యాటర్లకి వేయాలి లేదా ఇన్నింగ్స్ ముగియాలి, ఒక్క లెఫ్ట్ హ్యాండర్ కోసం ఒక్క లెఫ్టీని దింపి తీసేసే రోజులు పోయాయి. క్రికెట్ అలవాటులో మనం మర్చిపోయే ఇంకో ముఖ్యమైన విషయం, ఇక్కడ తీసేసిన పిచ్చర్ మళ్ళీ రాడు. బుమ్రాకి పదిహేడో ఓవర్ ఇచ్చి, మళ్ళీ పందొమ్మిదో ఓవర్ ఇవ్వడం అనేది ఇక్కడ లేదు. ఒక్కసారి వాడితే ఆ బాణం అయిపోయినట్టే.

కానీ బాణం దాచుకుని దాచుకుని అసలు వేయకుండా ఓడిపోవడం కూడా ఉంది. 2016 అక్టోబర్ 4, టొరంటో, బాల్టిమోర్ వాళ్ళ క్లోజర్ (మ్యాచ్ చివర ముగించే రిలీవర్) జాక్ బ్రిటన్ ఆ సీజన్‌లో 47 అవకాశాలకి 47 సేవ్‌లు, ఈఆర్ఏ 0.54. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే, స్కోరు సమం, పదకొండో ఇన్నింగ్స్, మేనేజర్ బక్ షోవాల్టర్ లీడ్ వస్తే అప్పుడు బ్రిటన్‌ని వాడదామని ఆగాడు, బదులుగా దిగిన ఉబాల్డో హిమెనెజ్ బంతిని టొరంటో బ్యాటర్ ఎడ్విన్ ఎన్‌కార్నాసియోన్ మూడు పరుగుల హోమర్ (మన సిక్స్ లాంటిది) కొట్టాడు. బ్రిటన్ ఒక్క బంతి కూడా వేయకుండానే సీజన్ అయిపోయింది. దీన్ని మాత్రం ఫలితం చూడకుండానే తప్పు అనొచ్చు, ఎందుకంటే బయటి గ్రౌండ్‌లో స్కోరు సమంగా ఉన్నప్పుడు ఒక్క పరుగు ఇచ్చినా మ్యాచ్ అక్కడే అయిపోతుందని ముందే తెలుసు. సేవ్ అనేది ఒక అంకె, దాని కోసం మంచి పిచ్చర్‌ని దాచిపెట్టకూడదు.

2020 వరల్డ్ సిరీస్ గేమ్ 6 మన ఆర్లింగ్టన్‌లోనే జరిగింది. టాంపా పిచ్చర్ బ్లేక్ స్నెల్ 73 బంతులే వేశాడు, తొమ్మిది స్ట్రైకవుట్లు, రెండే హిట్లు, ఆరో ఇన్నింగ్స్‌లో మేనేజర్ కెవిన్ క్యాష్ అతన్ని తీసేశాడు, నిక్ ఆండర్సన్ వచ్చాడు, లీడ్ పోయింది, మ్యాచ్ 3-1 డాడ్జర్స్‌ది. లైనప్ మూడోసారి తిరిగి వచ్చినప్పుడు స్టార్టర్లని బ్యాటర్లు బాగా కొడతారన్నది నిజమైన లెక్కే. తీయడం తప్పని నేను అనను, కానీ అంతకుముందు మ్యాచ్‌ల్లో వరసగా పరుగులిస్తూ వచ్చిన అలిసిపోయిన ఆండర్సన్‌ని తేవడం తప్పు. ఎవర్ని తీశాడు అనేదీ, ఎవర్ని తెచ్చాడు అనేదీ రెండు వేర్వేరు నిర్ణయాలు, వాదించేటప్పుడు ఈ రెండిటినీ విడదీయండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

నాకు బాగా బాధ కలిగించింది 2023 అక్టోబర్ 20. వరల్డ్ సిరీస్‌కి ముందు రౌండ్, హ్యూస్టన్‌తో గేమ్ 5, మన గ్రౌండ్, 4-2 లీడ్. మన రిలీవర్ హోసే లెక్లెర్క్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే వచ్చి దాన్ని ముగించాడు. మన బ్యాటింగ్‌లో వాళ్ళ పిచ్చర్ బ్రయాన్ అబ్రేయు బంతి మన అడోలిస్ గార్సియాకి తగిలింది, రెండు డగౌట్లూ మైదానంలోకి వచ్చేశాయి, తోపులాట, అంపైర్ల చర్చ, లెక్లెర్క్ అంతసేపూ చల్లబడి కూర్చున్నాడు. తొమ్మిదికి మళ్ళీ అతనే వచ్చాడు. సింగిల్, వాక్ (నాలుగు చెడ్డ బంతులేస్తే బ్యాటర్‌కి ఊరికే వచ్చే బేస్), హోసే ఆల్టూవే హోమర్, 5-4. ఆ రాత్రి అప్పటి మన మేనేజర్ బ్రూస్ బోచీని తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నా. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, చాప్‌మన్‌ని అప్పటికే వాడేశాడు, మిగిలినవాళ్ళలో లెక్లెర్క్ కంటే నమ్మదగినవాడు నాకైతే కనపళ్ళేదు. "ఇంత గ్యాప్ తర్వాత అతని చెయ్యి ఎలా ఉంది" అనేది అడగాల్సిన ప్రశ్న, "అసలు లెక్లెర్క్ ఎందుకు" అనేది కాదు. గేమ్ 6లో ఎనిమిదో ఇన్నింగ్స్, బోచీ మళ్ళీ అతన్నే పిలిచాడు, బేసులు నిండా మనుషులుండగా స్ట్రైకవుట్‌తో బయటపడ్డాం.

రిలీవర్ల ఈఆర్ఏ చూసి మోసపోవద్దు. ఏడాదికి అరవై ఇన్నింగ్స్ వేసేవాడు 20 పరుగులిస్తే 3.00. అందులో ఒక్క చెడ్డ రాత్రే 5 పరుగులు పోయుంటే మిగతా ఏడాదంతా అతను 2.25 దగ్గర వేసినట్టు. పైగా ముందు పిచ్చర్ బేసుల మీద వదిలేసి వెళ్ళిన రన్నర్లు స్కోర్ చేస్తే ఆ పరుగులు ముందువాడి ఖాతాలో పడతాయి, నిప్పు ఆర్పడానికి వచ్చి ఇంకా రాజేసినవాడి ఈఆర్ఏ చెక్కుచెదరదు. స్ట్రైకవుట్లెన్ని, వాక్‌లెన్ని, వచ్చినప్పుడు బేసుల మీద ఉన్నవాళ్ళలో ఎంతమందిని రానిచ్చాడు, ఈ మూడూ చూస్తే మనిషి అర్థమవుతాడు. మన రిలీవర్ జాష్ స్బోర్జ్ ఈఆర్ఏ 2023 సీజన్‌లో 5.50, కానీ పోస్ట్‌సీజన్‌లో 0.75, వరల్డ్ సిరీస్ ఆఖరి ఏడు అవుట్లూ అతనే తీశాడు.

రోస్టర్ రూల్స్ క్లుప్తంగా చెప్తా, ఇవి తెలీకుండా "వాణ్ణి ఎందుకు పంపించేశారు" అని అడక్కూడదు. మ్యాచ్ జట్టులో 26 మంది, అందులో పిచ్చర్లు 13కి మించకూడదు, మొత్తం కాంట్రాక్ట్ లిస్ట్ 40. సెప్టెంబర్‌లో 28. ఆప్షన్లు (కింది లీగ్‌కి పంపడానికి టీమ్‌కి ఉండే అవకాశాలు) మిగిలున్నవాణ్ణి రౌండ్ రాక్‌కి (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింద ఉన్న మన టీమ్) పంపి మళ్ళీ పిలవొచ్చు, ఆప్షన్లు అయిపోయినవాణ్ణి పంపాలంటే వెయివర్స్ దాటాలి, వేరే టీమ్ ఎత్తుకుపోవచ్చు. అందుకే ఒక్కోసారి బాగా వేస్తున్న కుర్రాడు కిందకి వెళ్తాడు, బాగా వేయని సీనియర్ పైన ఉంటాడు. అన్యాయంగానే కనిపిస్తుంది, కానీ ఇద్దర్నీ ఉంచుకునే దారి అదొక్కటే. పిచ్చర్ కిందకి వెళ్తే మామూలుగా 15 రోజుల దాకా పిలవలేరు, ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప. స్బోర్జ్ కూడా డాడ్జర్స్ రోస్టర్‌లో చోటు లేక వదులుకుంటే 2021లో మన దగ్గరికి వచ్చినవాడే.

ఇంకొక్క పని చేయండి. ట్రేడ్ వార్త రాగానే, ఫలితం తెలియకముందే, ఫోన్‌లో తేదీ వేసి మీరేం అనుకుంటున్నారో నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి. నా ఫోన్‌లో 2023 జూన్ 30 కింద ఇలా ఉంది: "చాప్‌మన్ అవసరమే. వాక్‌లు ఎక్కువ, భయం. రేగన్స్ చెయ్యి నిలబడితే చాలా బాధపడతాం." వాదన వచ్చినప్పుడు నేను ముందు దాన్నే తెరిచి చూపిస్తా, ఆ తర్వాతే మాట్లాడతా.